దేహము మరువని భయము

భయమును గూర్చి మన తెలుగువారు చెప్పుకొను మాటలను ఒక్కసారి జ్ఞప్తికి తెచ్చుకొందము. "గుండె జారిపోయినది", "కాళ్లు చేతులు ఆడలేదు", "గొంతు పెగలలేదు", "ఒళ్లు జలదరించినది", "ముఖమున నెత్తురుచుక్క లేదు", "నిలుచున్నవాడు నిలుచున్నట్లే కొయ్యబారిపోయినాడు". ఈ మాటలలో మనస్సు అను పదము ఒక్కటైనను లేదు. గుండె, కాలు, చేయి, గొంతు, చర్మము, నెత్తురు, అంతయు దేహమే. భయము మొట్టమొదట దేహమున పుట్టినట్లే మన భాష చెప్పుచున్నది.

మన ఆలంకారికులకును ఈ సంగతి తెలియును. భరతుని నాట్యశాస్త్రము ఎనిమిది సాత్త్విక భావములను పేర్కొన్నది. స్తంభము, స్వేదము, రోమాంచము, స్వరభేదము, వేపథువు, వైవర్ణ్యము, అశ్రువు, ప్రలయము. అనగా కొయ్యబారుట, చెమట పట్టుట, ఒళ్లు గగుర్పొడుచుట, గొంతు మారుట, వణకుట, రంగు తప్పుట, కన్నీరు, స్పృహ తప్పుట. వీనిలో పెక్కింటిని నేటి వైద్యుడు తీవ్రమైన భయమునకు లోనైన రోగియందు చూచి, తన పుస్తకమున వ్రాసికొనుచున్నాడు.

ఆపద గడచిన తరువాత ఈ లక్షణములు క్రమముగా సర్దుకొనుట సహజము. ఎక్కువమందికి కొన్ని వారములలోనో నెలలలోనో అట్లే సర్దుకొనును. కాని కొందరికి సర్దుకొనవు. 1977 నవంబరు 19వ తేదీన ఉప్పెన దివిసీమను ముంచివేసినది. వేలకొలది జనము నశించిరి. అటువంటి రాత్రిని చూచి బ్రతికి బయటపడిన మనిషిని ఊహించుకొందము. ఏండ్లు గడచినవి. కొత్త ఇల్లు లేచినది. పిల్లలు పెద్దవారైరి. అయినను గాలి హోరెత్తిన రాత్రి అతడు పడుకొనలేడు. లేచి కూర్చుండును, తలుపు తీసి చూచును, మరల కూర్చుండును. ఇది మామూలు గాలియే అని అతనికి తెలియును. తెలిసినను గుండె వినదు.

రజ్జుసర్ప భ్రాంతిని గూర్చి మనము చిన్ననాటినుండి వినుచున్నాము. చీకటిలో త్రాడును చూచి పామనుకొన్నవాడు దీపము తెచ్చి చూచిన వెంటనే భయము విడుచును. ఇక్కడ అట్లు జరుగుట లేదు. దీపము వచ్చినది, త్రాడు కనబడినది, అది త్రాడే అని నోరును ఒప్పుకొన్నది. అయినను గుండె దడ ఆగలేదు. తెలిసినంత మాత్రమున తీరని ఈ భయమును తీర్చుట ఎట్లు అనునదే నేటి మన ప్రసంగ విషయము.

ఈ బాధకు 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము తన రోగనిర్ణయ గ్రంథమున పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరు పెట్టినది. మనము దీనిని ఆఘాతానంతర వ్యాధి అని పిలుచుకొనవచ్చును. పేరు కొత్తదైనను బాధ కొత్తది కాదు. దీనికి మాట మందా, దేహమునకు చేయు సాధన మందా అను చర్చయు కొత్తది కాదు. ఒక శతాబ్దమునకు పూర్వము ఒకే ఆసుపత్రిలో, ఒకే కప్పు క్రింద, ఇద్దరు వైద్యులు ఈ రెండు మార్గములను నడిపిరి. ముందు ఆ కథను వినుట మంచిది.

అది మొదటి ప్రపంచ యుద్ధకాలము. ఫిరంగుల మోతకు, మృత్యువు సమీప దర్శనమునకు తట్టుకొనలేక, గాయము లేకయే కాళ్లు పడిపోయినవారు, మాట పోయినవారు, నిద్ర పోయినవారు వేలకొలదిగా ఆసుపత్రులకు చేరిరి. 1915లో చార్లెస్ మయర్స్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో ఈ స్థితికి షెల్ షాక్ అను పేరును వాడెను. స్కాట్లండులో, ఎడింబరో నగరము చెంత, క్రెయిగ్‌లాక్‌హార్ట్ అనుచోట ఇట్టి సైనికాధికారుల కొరకు ఒక ఆసుపత్రి వెలసినది.

అచటి వైద్యులలో ఒకరు డబ్ల్యు. హెచ్. ఆర్. రివర్స్. ఈయన మన దక్షిణ దేశమునకు అపరిచితుడు కాడు. 1901-02 సంవత్సరములలో నీలగిరులకు వచ్చి తోడాల జీవితమును పరిశీలించి, 1906లో వారిని గూర్చి గ్రంథము ప్రకటించిన పండితుడు. ఆయన చికిత్స మాటతో కూడినది. ఆనాడు రోగులకు అందరును చెప్పుచుండిన సలహా ఒక్కటే: "జరిగినదానిని మరచిపొమ్ము, దానిని తలచకుము". పగలంతయు తలపును అణచిపెట్టినవారికి రాత్రి అదియే పీడకలయై వచ్చుచుండెనని రివర్స్ గ్రహించెను. 1917 డిసెంబరులో లండనులో చేసిన ఒక ప్రసంగమున ఆయన ఈ విషయమును వివరించెను. జ్ఞాపకమును తరిమివేయనూ రాదు, ఎల్లవేళల దానిలోనే మునిగియుండనూ రాదు. దానిని ఎదుర్కొని, మాటలలో పెట్టి, దాని అర్థమును మార్చుకొనవలెనని ఆయన చెప్పెను.

ఆయన చెప్పిన ఉదాహరణ ఒకటి మనస్సును తాకును. ఒక అధికారి తన మిత్రుని వెదకికొనుచు వెళ్లి, ఛిద్రమైన శరీరమును చూచెను. నాటినుండి రాత్రులందు ఆ దృశ్యమే. రివర్స్ అతనితో మాటలాడుచు, శరీరము అంతగా ఛిద్రమైనదన్నచో మరణము తత్క్షణమే సంభవించియుండును, మిత్రుడు బాధపడియుండడు అను సంగతిని ఎత్తిచూపెను. ఆ ఆలోచన ఆ అధికారికి ఆధారమైనది. కలల స్వభావము మారినది. భయము తగ్గి దుఃఖము మిగిలినది. దుఃఖము మనిషి భరింపగలిగినది.

కాని రివర్స్ సత్యసంధుడు. తన మార్గము పనిచేయని సందర్భమును కూడ ఆయన ఆ ప్రసంగముననే చెప్పెను. మరియొక అధికారి పేలుడు ధాటికి ఎగిరి, కుళ్లిన శవముపై పడెను. ఆ వాసన, ఆ రుచి అతనిని వదలలేదు. ఆ అనుభవమునకు ఏ అర్థము చెప్పిన ఊరట కలుగును? రివర్స్‌కు ఏదియు దొరకలేదు. ఆ రోగికి పల్లెపట్టున, యుద్ధమును జ్ఞప్తికి తెచ్చు వస్తువులకు దూరముగా ఉన్నప్పుడు మాత్రమే కొంత శాంతి కలుగుచుండెను. కావున సైన్యమును విడిచి అట్టి జీవితమునే వెదకికొమ్మని ఆయన సలహా చెప్పెను. మాట ఎక్కడ ఆగునో మాటల వైద్యుడే చూపినాడన్నమాట.

అదే ఆసుపత్రిలో ఆర్థర్ బ్రాక్ అను వైద్యుడు వేరొక త్రోవ త్రొక్కెను. ఆఘాతము మనిషిని అతని పరిసరములనుండి తెంచివేయును; చేతితో, కాలితో చేయు పనియే అతనిని మరల లోకముతో కలుపును అని ఆయన నమ్మకము. రోగులను ఉదయమున నడకకు పంపించెను. తోటపనిలో, చేతిపనులలో, పరిసరముల పరిశీలనలో, ఆసుపత్రి పత్రికను నడుపుటలో నిలిపెను. గ్రీకు కథలలోని ఆంటియస్ అను మల్లునికి నేల తాకినప్పుడెల్ల బలము వచ్చునట. బ్రాక్ ఆ కథను తన చికిత్సకు గుర్తుగా చెప్పుచుండెను. ఆయన రోగులలో ఒకడు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్. 1917లో అచట ఉన్న కాలమున ఓవెన్ ఆసుపత్రి పత్రికకు సంపాదకుడైనాడు, సమీపమున ఒక పాఠశాలలో పాఠములు చెప్పినాడు. మరల యుద్ధభూమికి వెళ్లి 1918 నవంబరు 4న, యుద్ధము ముగియుటకు వారము ముందు, మరణించినాడు. ఇట్లు మాటయు, దేహశ్రమయు అచట ఇరుగు పొరుగు గదులలోనే నడచినవి. తరువాతి తరములలో ఈ రెండును దూరమై వేరువేరు పాఠశాలలవారి సొత్తులైనవి.

దేహమునకు ఇంత ప్రాధాన్యము ఏల? మన లోపలి యంత్రాంగమును కొంచెము పరికింతము. 1915లో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన వాల్టర్ కానన్ భయము, క్రోధము, బాధ, ఆకలి కలిగినప్పుడు దేహమున జరుగు మార్పులను గూర్చి గ్రంథము వ్రాసెను. ఆపద ఎదురైనప్పుడు మూత్రపిండములపై టోపీలవలె ఉన్న చిన్న గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తమున వదలును. గుండె వేగము హెచ్చును. నెత్తురు కడుపునుండి కండరములకు మరలును. జీర్ణక్రియ మందగించును. ఇది పోరాటమునకో, పలాయనమునకో సన్నాహము. పోరాడుటకు గాని పారిపోవుటకు గాని వీలు లేనప్పుడు మూడవది కలదు: స్తంభించిపోవుట. ఇవన్నియు మనము ఆలోచించుటకు ముందే జరిగిపోవును. పాము కనబడగానే కాలు వెనుకకు వచ్చిన తరువాతనే "పాము" అను మాట నోటికి వచ్చును.

ఆపద దాటినవెంటనే ఈ సన్నాహము విరమింపవలెను. విరమింపక నిలిచిపోయినదే వ్యాధి. 1941లో అబ్రాం కార్డినర్ అను అమెరికా వైద్యుడు, మొదటి యుద్ధమున పాల్గొన్న సైనికులను ఏండ్ల తరబడి పరిశీలించి వ్రాసిన గ్రంథమున, ఇది మనస్సునకు మాత్రమే కాదు, దేహమునకు కూడ పట్టిన వ్యాధియని స్పష్టముగా చెప్పెను. చిన్న చప్పుడుకే ఉలికిపడుట, కండరములు ఎల్లప్పుడు బిగిసియుండుట, నిద్ర పట్టకుండుట, కడుపు చెడుట, ఇవి ఊహలు కావు. దేహము ఇంకను యుద్ధభూమిలోనే కావలి కాయుచున్నది.

మరి మాట ఏమగును? 1996లో అమెరికాలో కొందరు శాస్త్రజ్ఞులు ఈ వ్యాధి గల ఎనిమిదిమందికి, వారివారి అనుభవములనే చదివి రికార్డు చేసి వినిపించుచు, మెదడులోని రక్తప్రసారమును చిత్రములు తీసిరి. భావోద్వేగములకు సంబంధించిన ప్రాంతములు, అందును కుడివైపువి, చురుకెక్కినవి. దృశ్యములను గ్రహించు ప్రాంతమును చురుకెక్కినది. ఎడమవైపున మాటను కూర్చు బ్రోకా ప్రాంతము మాత్రము మందగించినది. పరీక్ష చిన్నది, ఎనిమిదిమందితో సర్వమును తేల్చలేము. అయినను "గొంతు పెగలలేదు", "నోట మాట రాలేదు" అను మన పలుకుబడులతో ఈ చిత్రములు చక్కగా సరిపోవుచున్నవి. కావున "జరిగినది చెప్పు, చెప్పిన బరువు దిగును" అని మనము ఒత్తిడి చేసినప్పుడు ఎదుటివారు మౌనముగా ఉన్నచో, అది మొండితనము కాకపోవచ్చును. ఆ క్షణమున వారికి మాట దొరకుట లేదు.

ఇంతమాత్రముచేత మాటల చికిత్సను తక్కువ చేయరాదు. ఆ చికిత్స నేడు చాల అభివృద్ధి చెందినది. శిక్షణ పొందిన వైద్యుని సమక్షమున, సురక్షితమైన గదిలో, జరిగినదానిని మెల్లమెల్లగా చెప్పించుట. భయముచేత తప్పించుకొని తిరుగుచున్న చోటులకు క్రమముగా చేర్చుట. "తప్పంతయు నాదే" వంటి నమ్మకములను పరీక్షింపజేయుట, ఇది అందలి పద్ధతి. ఇట్టి చికిత్సలకు ఎక్కువ పరీక్షల బలమున్నది. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన సూచనలలో పెద్దలకు వీనినే చెప్పినది. రోగి చూపును అటునిటు కదల్చుచు జ్ఞాపకమును తలపింపజేయు ఒక పద్ధతిని, ఒత్తిడిని అదుపు చేసికొను శిక్షణను కూడ చేర్చినది. ఈ చివరి శిక్షణలో శ్వాసకు, కండరముల సడలింపునకు స్థానము కలదు. అంతేకాదు, మాటల చికిత్సలలో పేరు గాంచిన ఒక పద్ధతిలోనే మొదట నెమ్మదిగా ఊపిరి తీసికొనుట నేర్పుదురు. గట్టి మాటల వైద్యులు కూడ దేహమును పూర్తిగా మరువలేదన్నమాట.

ఇక దేహమార్గములను చూతము. అన్నిటికంటె సులభమైనది శ్వాస. గుండెయు, జీర్ణకోశమును మన ఆజ్ఞను వినవు. ఊపిరి మాత్రము తనంతట తాను నడచును, మనము నడిపినను నడచును. అందుచేత అది లోపలి యంత్రాంగమునకు మనచేతికి అందు తలుపుగడియ వంటిది. ఊపిరి లోనికి పీల్చునప్పుడు గుండె కొంచెము వేగపడును. విడుచునప్పుడు కొంచెము నెమ్మదించును. ఈ నెమ్మదింపునకు కారణము మెదడు అడుగుభాగమునుండి గుండెకు, కడుపునకు దిగివచ్చు వేగస్ నాడి. నిశ్శ్వాసమును దీర్ఘము చేసి, నిమిషమునకు సుమారు ఆరు శ్వాసల లయకు చేరినచో ఈ నాడి ప్రభావము హెచ్చును. మన ప్రాణాయామ సంప్రదాయము అనుభవముచేత ఎరిగినదానిని శరీరశాస్త్రము నేడు కొలిచి చూపుచున్నది.

రెండవది కండరముల సడలింపు. ఎడ్మండ్ జేకబ్‌సన్ అను వైద్యుడు 1929లో దీనిని గూర్చి గ్రంథము ప్రకటించెను. ఒక్కొక్క కండరమును మొదట బిగించి, పిదప వదలి, బిగువునకు వదులునకు గల భేదమును గుర్తింపజేయుట ఆయన పద్ధతి. ఎల్లప్పుడు బిగిసియున్నవానికి తాను బిగిసియున్నట్లే తెలియదు. ఆ తెలివిడియే సగము చికిత్స.

మూడవది యోగాభ్యాసము. 2014లో అమెరికాలో బెసెల్ వాన్ డెర్ కోల్క్ అను వైద్యుడును ఆయన సహచరులును 64 మంది స్త్రీలపై చేసిన పరీక్ష ఫలితములను ప్రకటించిరి. వీరందరును చాలకాలము చికిత్స పొందియు స్వస్థత పొందనివారు. వారానికి ఒక గంట చొప్పున పది వారములు, కొందరికి యోగము నేర్పిరి. తక్కినవారికి ఆరోగ్యమును గూర్చి తరగతులు నడపిరి. చివర చూడగా యోగము చేసిన 31 మందిలో 16 మందికి వ్యాధి లక్షణములు రోగనిర్ణయపు హద్దుకు దిగువకు వచ్చినవి. రెండవ పక్షమున 29 మందిలో ఆరుగురికే అట్లయినది. ఈ యోగమును మాటల చికిత్సకు బదులుగా కాక, తోడుగా పెట్టిరన్నది ఇందు గమనింపదగిన విషయము.

నాల్గవది, లోపలి స్పర్శలను గమనించు చికిత్స. పీటర్ లెవీన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు దీనిని రూపొందించెను. 1997లో ఆయన గ్రంథము వెలువడినది. రోగి కథనంతయు చెప్పనక్కరలేదు. ఛాతీలో బరువు, గొంతులో ముడి, చేతులలో చల్లదనము మొదలగువానిని కొద్దికొద్దిగా గమనించి, వెంటనే దేహమున హాయిగా ఉన్న చోటికి దృష్టి మరల్చి, మరల గమనించుట ఇందలి క్రమము. వేడినీటిలో ఒక్కసారిగా దూకక, కాలివేలు తాకించి వెనుకకు తీసికొనుట వంటిది. 2017లో ఇశ్రాయేలులో 63 మందిపై చేసిన పరీక్ష, చికిత్స కొరకు వేచియున్నవారితో పోల్చినప్పుడు, మంచి ఫలితమునే చూపినది. కాని మాటల చికిత్సలకు గల విస్తారమైన పరీక్షల బలము దీనికి ఇంకను చేకూరవలసియున్నది.

ఈ మార్గములు మన తీరములకే వచ్చిన సందర్భమొకటి ఉన్నది. 2004 డిసెంబరు 26న సునామీ తూర్పుతీరమును తాకినది. తమిళనాటి నాగపట్టణము జిల్లాలోనే ఆరువేలమందికి పైగా మరణించిరి. ఆంధ్రతీరమున నూరుమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. సముద్రము తల్లి అని నమ్మి బ్రతుకువారికి ఆ తల్లియే భయంకరియైనది. అలల చప్పుడు వినబడనిచోట పడుకొందమన్న, జీవనోపాధియే ఆ అలలపైన. అట్టి జనసమూహములో వైద్యులెందరు, రోగులెందరు? ఒక్కొక్కరిని గదిలో కూర్చుండబెట్టి వారాల తరబడి మాటలాడుటకు మనుష్యులు చాలరు.

అప్పుడు అండమాను దీవుల శిబిరములలో 47 మందికి ఒక వారము యోగాభ్యాసము నేర్పి పరిశీలించిరి. భయము, దుఃఖము, నిద్రలేమి తగ్గినట్లు వారు తెలిపిరి, శ్వాసవేగమును తగ్గినది. తమిళనాటి శిబిరములలో 183 మందిపై మరియొక పరిశీలన జరిగి 2010లో ప్రకటితమైనది. కొన్ని శిబిరములవారికి శ్వాససాధన మాత్రమే. కొన్నిటివారికి శ్వాససాధనతోపాటు జరిగినదానిని తలచి చెప్పించు చికిత్స. తక్కినవారు ఆరువారములు వేచియుండిరి. సాధన పొందిన రెండు పక్షములకును బాధ గణనీయముగా తగ్గినది. చెప్పించు చికిత్సను చేర్చినవారికి ఆ కొద్దికాలములో చెప్పుకొనదగిన అదనపు లాభము కనబడలేదు. ఈ పరిశీలనలకు లోపములున్నవి. మొదటిదానికి పోల్చిచూచుటకు వేరొక పక్షము లేదు. రెండవదానిలో మనుష్యులను చీట్లు వేసి కాక శిబిరములవారీగా విభజించిరి. అయినను ఒక్కమాట నిశ్చయముగా చెప్పవచ్చును. నోరు తెరువలేని వేళ, వైద్యుడు చాలని చోట, దేహముతో మొదలుపెట్టుట వ్యర్థము కాదు.

ఐనచో ఊపిరి చాలును, మాట అక్కరలేదని అనవచ్చునా? అనరాదు. ఉప్పెనలోను సునామీలోను తల్లిచేతి పట్టు జారి పిల్లలు కొట్టుకొనిపోయినారు. అట్టి తల్లికి రెండు బాధలున్నవి. అలల చప్పుడునకు గుండె అదరుట ఒకటి. "నేనే చేయి వదలితిని" అను నింద మరియొకటి. మొదటిది దేహపు కాపలావాని తొందర. ఊపిరి, నడక, నిద్ర, నలుగురితో కూడిన పని ఆ కాపలావానిని శాంతింపజేయగలవు. రెండవదానిని ఏ ప్రాణాయామమును తొలగింపలేదు. అది అర్థమునకు సంబంధించినది. రివర్స్ తన రోగి మిత్రుని మరణమునకు చెప్పినట్టి అర్థము దానికి కావలెను. ఆమె ఆ మాటను పైకి అనవలెను. వినువాడు తొందరపడక వినవలెను. ఆ నీటి వేగమునకు మనిషి పట్టు ఎంత అను విచారణ ఆమె మనస్సులోనే జరుగవలెను. దేహము నిమ్మళించనిదే ఆ మాట నోటికి రాదు; ఆ మాట వచ్చిననేగాని దుఃఖము తన దారి పట్టదు. రెంటికిని గల సంబంధము ఇది.

ఇచట కొన్ని జాగ్రత్తలు చెప్పవలసియున్నది. ఆపద జరిగిన మరునాడే బాధితులను చుట్టుముట్టి, "ఏమి చూచితివి, ఎట్లు జరిగినది" అని గుచ్చిగుచ్చి అడుగుట మేలు కాదు. విపత్తులలో పనిచేయువారి కొరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన కరదీపిక, మాటలాడుమని ఒత్తిడి చేయవద్దనియే చెప్పినది. నీరు, అన్నము, నీడ, తనవారి జాడ మొదట, కథ తరువాత. అట్లే దేహసాధనలును అందరికి ఒకేరీతిగా సరిపడవు. కన్నులు మూసికొని ఊపిరిపై దృష్టి నిలుపుమన్నప్పుడు కొందరికి భయము తగ్గుటకు మారు హెచ్చును. అందుచేతనే ఈ రంగమున తెలిసిన గురువులు కన్నులు తెరచియుండుటకు, ఆపివేయుటకు, చేయకుండుటకు స్వేచ్ఛ ఇత్తురు; అనుమతి లేక తాకరు. దౌర్జన్యమునకు గురియైన స్త్రీకి, తన దేహముపై తన మాట చెల్లుటయే స్వస్థతకు మొదటి మెట్టు. ఒక్క సిట్టింగులో సర్వభయములను మాన్పుదునని, ఔషధములను మానివేయుమని చెప్పువారిని నమ్మరాదు.

బాధ నెల దాటి నిలిచినను, నిద్ర, పని, సంసారము చెడుచున్నను, ప్రాణము తీసికొనవలెనను తలపు వచ్చినను వైద్యుని చూడవలెను. ఆ తలపు వచ్చినచో ఒక్కనాడైనను ఆగరాదు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణమునను ప్రభుత్వ మానసిక చికిత్సాలయములు కలవు. 2022 అక్టోబరునుండి నడచుచున్న టెలీ మానస్ అను కేంద్రప్రభుత్వ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసినచో, ఏ వేళనైనను, ఖర్చు లేకుండ, తెలుగులో మాటలాడవచ్చును.

తక్కిన పని ఇంటివారిది, ఇరుగుపొరుగువారిది. పిల్లవాడు దడుచుకొన్నప్పుడు మన తల్లులు ఏమి చేయుదురో గమనింపుడు. మొదట ఒడిలోనికి తీసికొందురు. వీపు నిమురుదురు. గుక్కెడు నీళ్లు త్రాగింతురు. ఏడుపు తగ్గి ఊపిరి కుదుటపడిన తరువాతనే "ఏమి చూచి దడుచుకొన్నావు నాయనా?" అని అడుగుదురు. పిల్లవాడు చెప్పును, తల్లి వినును. ఆ క్రమమును పెద్దవారి విషయమున మనము మరచిపోయితిమి. పెద్దవారిని తాకుటకు వారి అనుమతి కావలెను. వారి గాయము పెద్దది, కాలము ఎక్కువ పట్టును. క్రమము మాత్రము అదియే.